ఎండాకాలంలో కుందేలుకు దప్పిక, వడదెబ్బ తగలకుండా చూసుకోవడం ఎలా?

కుందేలుకు ప్రమాదం ముంచుకొచ్చేది ఎక్కువగా మిట్టమధ్యాహ్నం వేళ. దాన్ని కాపాడే పని మాత్రం తెల్లవారుజామునే, నిజానికి ముందు రోజు రాత్రే మొదలు కావాలి. ఎండ నడినెత్తికి వచ్చాక బోనును అటూఇటూ జరపడం, నీళ్ళు చల్లడం, చేతుల్లోకి తీసుకుని హడావిడి చేయడం వల్ల కుందేలు బెదిరిపోతుంది; బెదిరిన కుందేలు ఒళ్ళు మరింత వేడెక్కుతుంది. అందుకే ఈ మార్గదర్శిలోని పనులను కుందేలుకు వేడి చేసిన తర్వాత కాక, వేడి చేయకముందు ఏ వరుసలో చేసుకోవాలో ఆ వరుసలోనే వివరిస్తున్నాను. వడదెబ్బకు ప్రథమ చికిత్స చివర్లో ఉంది. ఇప్పటికే మీ కుందేలు నోరు తెరిచి ఊపిరి తీస్తూ ఉంటే మిగతాదంతా వదిలేసి నేరుగా అక్కడికి వెళ్ళండి.

ముందుగా తెలుసుకోవలసింది: దాని ఒంట్లో వేడి ఎటు పోతుంది?

మనకు చెమట పడుతుంది. కుక్క నాలుక చాపి రొప్పుతుంది. కుందేలుకు ఈ రెండు దారులూ దాదాపు మూసుకుపోయినవే. ఒంటి నిండా దట్టమైన బొచ్చు ఉండటం వల్ల, ఊపిరి పూర్తిగా ముక్కుతోనే తీసుకునే జీవి కావడం వల్ల దానికి మిగిలిన ముఖ్యమైన ఆధారం చెవులే. కుందేలు చెవిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పలుచని చర్మం కింద సన్నని రక్తనాళాల అల్లిక స్పష్టంగా కనిపిస్తుంది. వేడిగా ఉన్నప్పుడు ఆ నాళాలు విప్పారి, వాటిలో పారే రక్తం గాలికి వేడిని వదిలి చల్లబడి తిరిగి లోపలికి వెళుతుంది. అయితే ఈ ఏర్పాటు పని చేయాలంటే చుట్టూ ఉన్న గాలి ఒంటి కంటే చల్లగా ఉండాలి. కుందేలు సహజ ఉష్ణోగ్రత సుమారు 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. గాలి వేడి దానికి దగ్గర పడుతున్న కొద్దీ చెవుల వల్ల ఒరిగేది తగ్గిపోతుంది.

పెంపుడు కుందేళ్ళన్నిటికీ మూలమైన అడవి కుందేలు స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ద్వీపకల్పానికి చెందినది. అక్కడ ఎండలకు కొదవ లేదు గానీ, అది పగలు ఎక్కువగా నేల లోపలి బొరియలో గడిపి ఉదయ సంధ్యలో, సాయంసంధ్యలో, రాత్రి వేళ మేతకు బయటికి వస్తుంది. మనం దాన్ని తెచ్చి బోనులో పెట్టాం. బొరియను మాత్రం తేలేదు. వేసవి సంరక్షణ అంటే ఆ బొరియకు బదులు ఏదో ఒకటి సమకూర్చడమే.

దానికి హాయిగా ఉండేది 15 నుంచి 21 డిగ్రీల మధ్య. 26 డిగ్రీలు దాటిన దగ్గర నుంచి మనం కనిపెట్టుకుని ఉండాలి. 30 దాటితే ప్రమాదపు అంచున ఉన్నట్టే లెక్క. ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ అంకెలను ఇంకాస్త కిందికి దించుకోవాలి. బాగా ఒళ్ళు చేసినవి, ముసలివి, చూలివి, మరీ చిన్న పిల్లలు, ఆంగోరా వంటి పొడవు బొచ్చు జాతులు, ముఖం చదునుగా ఉండే జాతులు మిగతావాటి కంటే త్వరగా దెబ్బతింటాయి.

నీటి సంగతి పేగులతో ముడిపడి ఉంది. కుందేలు తినేది ప్రధానంగా పీచు. ఆ పీచు జీర్ణమార్గంలో ముందుకు సాగాలంటే తడి కావాలి. నీరు తగ్గితే లోపలి మేత ఎండి గట్టిపడుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది, కడుపునొప్పి వల్ల అది తినడం మానేస్తుంది, తినకపోవడం వల్ల కదలిక ఇంకా తగ్గుతుంది. ఈ చక్రం ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. ఎండాకాలంలో కుందేలును వడదెబ్బ ఒక్కటే కాదు, ఈ పేగుల స్తంభన కూడా బలి తీసుకుంటుంది.

మొదటి పని: చోటు చూడటం

ఒక మామూలు థర్మామీటరు తీసుకుని గోడకు మన కంటి ఎత్తులో కాకుండా, కుందేలు పడుకునే ఎత్తులో, ఎండ నేరుగా తగలని చోట పెట్టండి. ఉదయం ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, మళ్ళీ నాలుగు గంటలకు దాన్ని చూసి రాసుకోండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే మీ ఇంట్లో ఏ మూల ఎప్పుడు వేడెక్కుతుందో తెలుస్తుంది. చాలామంది పొద్దున నీడగా ఉందని ఒక మూలలో బోను పెడతారు. సూర్యుడు పడమటికి తిరిగేసరికి ఆ నీడ జరిగిపోయి, బోను ఎండలో మిగులుతుంది. రేకు కప్పు కింద, కిటికీ అద్దం పక్కన, నాలుగు వైపులా మూసిన ప్లాస్టిక్ బోనులో ఎండ నేరుగా పడకపోయినా వేడి పేరుకుంటుంది. నిలిపి ఉంచిన కారు అన్నిటికంటే ప్రమాదకరం. కిటికీలు కాస్త దించి ఉంచినా, నీడలో ఆపినా, ఐదు నిమిషాల పనైనా సరే, అందులో కుందేలును వదలకూడదు.

ఇంట్లో కింది అంతస్తు, రాతి నేల లేదా టైల్స్ నేల, గాలి ఆడే గది మంచివి. గాలి ఆడాలంటే బోనుకు కనీసం రెండు వైపులైనా తెరిచి ఉండాలి. బయట ఉంచక తప్పనివారు బోను మీద నేరుగా కాకుండా, ఒక జానెడు ఖాళీ వదిలి పైన ఇంకో నీడ వేయాలి. ఆ ఖాళీలోంచి గాలి పారితే కప్పు కాలదు. లోపల రెండు ద్వారాలున్న ఒక అట్టపెట్టెను బొరియలా పెడితే కుందేలు దానిలో దూరి కుదుటపడుతుంది. ద్వారం ఒక్కటే ఉంటే లోపల గాలి నిలిచిపోతుంది, కాబట్టి రెండు ఉండాలి.

రెండో పని: నీళ్ళు

కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల వరకు నీరు కుందేలుకు సాధారణంగా అవసరం. అంటే రెండు కిలోల కుందేలు 100 నుంచి 300 మిల్లీలీటర్ల దాకా తాగవచ్చు. ఎండలో, ఎండుగడ్డి ఎక్కువగా తినేటప్పుడు, పాలిచ్చేటప్పుడు ఆ అవసరం పెరుగుతుంది.

గిన్నెలో పెట్టాలా, సీసా వేలాడదీయాలా అన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగా ఉంటుంది: గిన్నె. కుందేలు తల వంచి తాగడానికి అలవాటుపడిన జీవి. గిన్నెలోంచి తక్కువ శ్రమతో ఎక్కువ నీరు తాగుతుంది. సీసాలోంచి చుక్క చుక్కగా నాకాలి. సీసా శుభ్రంగా ఉంటుందన్న మాట నిజమే గానీ, దాని గొట్టంలో ఉండే చిన్న గోలీ ఇరుక్కుపోతే పైకి ఏమీ తెలియదు. నాకది అనుభవమైంది. ఒక రోజు ఉదయం సీసా నింపి బయటికి వెళ్ళి, సాయంత్రం వచ్చి చూస్తే నీటి మట్టం ఎక్కడిదక్కడే ఉంది. కుందేలుకు దాహం వేయలేదేమో అనుకోబోయి, ఎందుకో వేలితో గొట్టం చివర నొక్కి చూశాను, గోలీ కదల్లేదు. గిన్నెలో నీళ్ళు పోసి పెడితే అది తల ఎత్తకుండా తాగిన తీరు చూశాక మళ్ళీ సీసా ఒక్కదాన్నే నమ్ముకోలేదు. తమ కుందేలుకు సీసానే చాలు అని పట్టుబట్టేవారు ఉంటారు, వారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అలాంటివారు కనీసం పక్కన ఒక గిన్నె కూడా పెట్టి, అది దేన్ని ఎంచుకుంటుందో వారం రోజులు చూడవచ్చు. సీసాకే అలవాటుపడిన కుందేలుకు రెండూ ఉంచండి; ఒక్కసారిగా సీసా తీసేయకండి.

గిన్నె బరువైన పింగాణీదో, మందపాటి మట్టిదో అయితే తిరగబడదు. ఎండ తగలని చోట, ఎండుగడ్డి పెట్టే చోటికి దగ్గరగా, మలమూత్రాల మూలకు దూరంగా ఉంచాలి. గదిలో రెండు చోట్ల రెండు గిన్నెలు పెట్టడం మేలు. రెండు కుందేళ్ళుంటే ఇది తప్పనిసరి, ఎందుకంటే పెత్తనం చేసేది రెండోదాన్ని గిన్నె దగ్గరికి రానివ్వకపోవచ్చు. ఎండాకాలంలో నీళ్ళు రోజుకు మూడుసార్లు మార్చండి. గిన్నె లోపలి అంచున వేలితో రాస్తే జిగటగా తగిలితే, ఉత్త నీళ్ళతో కడగడం చాలడం లేదని అర్థం. రోజుకొకసారి పీచుతో రుద్ది కడగాలి. నీళ్ళు చల్లగా ఉండవచ్చు, రెండు మూడు మంచు ముక్కలు వేసినా తప్పు లేదు. చక్కెర, ఉప్పు, గ్లూకోజ్ పొడి వంటివి మాత్రం కలపవద్దు. రుచి మారితే అది నీళ్ళు ముట్టకపోవచ్చు; పైగా తీపి దాని పేగుల్లోని సూక్ష్మజీవుల సమతుల్యాన్ని చెడగొడుతుంది.

ఎంత తాగుతోందో కొలవడానికి సులువైన పద్ధతి ఒకటి ఉంది. ఒకేలాంటి రెండు గిన్నెల్లో అర లీటరు చొప్పున నీళ్ళు పోయండి. ఒకటి కుందేలుకు పెట్టండి. రెండోది అదే గదిలో, అదే ఎత్తులో, దానికి అందని చోట ఉంచండి. మర్నాడు రెండింటినీ కొలవండి. అందని గిన్నెలో 470 మిల్లీలీటర్లు మిగిలితే 30 ఆవిరైపోయినట్టు. కుందేలు గిన్నెలో 240 మిగిలితే, తగ్గిన 260లోంచి ఆవిరైన 30 తీసేయగా అది తాగింది 230. వేడి రోజుల్లో ఆవిరయ్యే నీటిని లెక్కలోకి తీసుకోకపోతే తాగనిది తాగిందనుకుని మోసపోతాం. ఈ లెక్క ఎండలు ముదరకముందే మూడు నాలుగు రోజులు చేసి రాసి పెట్టుకుంటే, అది మీ కుందేలు మామూలుగా తాగే కొలత అవుతుంది. పుస్తకాల్లోని సగటు కంటే మీకు పనికొచ్చేది అదే.

మూడో పని: మేత ద్వారా నీరు

ఆకుకూరల్లో దాదాపు 90 శాతం నీరే. కొత్తిమీర, పుదీనా, ముదురాకుపచ్చ లెట్యూస్ వంటివాటిని కడిగి, దులపకుండా తడితోనే పెడితే నీరు మేతతో పాటు లోపలికి వెళుతుంది. వంద గ్రాముల ఆకు తిన్న కుందేలు గిన్నెలో నీరు కాస్త తక్కువ తాగితే కంగారు పడనక్కరలేదు. అయితే అలవాటు లేని ఆకును వేడి పెరిగిందని ఒకేసారి గుప్పెడు పెడితే విరేచనాలు పట్టుకుంటాయి, వాటితో ఉన్న నీరు కూడా పోతుంది. రోజుకొక రకం, చిటికెడుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచుకుంటూ పోవాలి. తడి ఆకు వేడికి త్వరగా వాడి పులుస్తుంది. గంట రెండు గంటల్లో మిగిలినది తీసేయండి. పుచ్చకాయ నీటి పండే గానీ, తీపి పండు. ఒక చిన్న ముక్క, అదీ ఎప్పుడో ఒకసారి చాలు. ఎండుగడ్డి ఎప్పటిలాగే రోజంతా అందుబాటులో ఉండాలి. ఎండకు ఆకలి మందగించిందని ఎండుగడ్డి తగ్గించి గుళికల దాణా పెంచడం తరచూ జరిగే పొరపాటు. పీచు తగ్గితే పేగులు మొరాయిస్తాయి.

నాలుగో పని: చల్లదనం ఏర్పాటు

రాత్రి పడుకునే ముందు రెండు ప్లాస్టిక్ సీసాల్లో ముప్పాతిక వంతు నీళ్ళు నింపి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు నీరు ఉబ్బుతుంది కాబట్టి పై భాగం ఖాళీగా ఉండాలి. మర్నాడు ఎండ పెరుగుతుండగా ఒక సీసాను నూలు గుడ్డలో చుట్టి బోనులో ఒక పక్కన ఉంచండి. అది కరిగేలోపు రెండోది సిద్ధంగా ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఆదుకునేవి ఇవే, కాబట్టి రెండింటికి బదులు నాలుగు ఉంచుకున్నా ఎక్కువేమీ కాదు. కుందేలు మొదట ఆ సీసాను అనుమానంగా వాసన చూసి, తర్వాత దానికి ఆనుకుని చాచుకుని పడుకుంటుంది. సీసాను దాని మీదికి నెట్టకండి. దగ్గరికి రావాలో, దూరంగా పోవాలో దానికే వదిలేయాలి. అందుకే బోనులో ఒక పక్క మాత్రమే చల్లగా ఉండాలి, మొత్తం కాదు. అది ప్లాస్టిక్ కొరుకుతుంటే సీసా తీసేసి, ఫ్రిజ్‌లో పెట్టిన టైల్ పలక వేయండి.

ఫ్యాన్ విషయంలో ఒక అపోహ ఉంది. ఫ్యాన్ గాలి మనకు చల్లగా అనిపించేది అది చెమటను ఆర్పుతుంది కాబట్టి. చెమట పట్టని కుందేలుకు వేడి గాలిని విసిరితే పెద్దగా ప్రయోజనం ఉండదు. బోనుకు ఒక వైపు తడి దుప్పటి వేలాడదీసి, దాని గుండా గాలి వచ్చేలా ఫ్యాన్ పెడితే ఆ తడి ఆరుతూ గాలిని చల్లబరుస్తుంది. దుప్పటితో అన్ని వైపులా కప్పకూడదు. గాల్లో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఈ ఉపాయం కూడా, కూలర్ కూడా అంతగా పని చేయవు. అప్పుడు ఏసీ గది లేదా మంచు సీసాలే గతి. ఫ్యాన్ గాలి నేరుగా ముఖం మీదికి రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా వైరు దానికి అందకూడదు, ఎందుకంటే కుందేలు కంట పడిన వైరు కుందేలు పంటి కింద పడినట్టే.

తడి చేత్తో చెవుల బయటి వైపు మెల్లగా నిమరడం దానికి ఉపశమనం ఇస్తుంది. చెవి లోపలికి నీరు పోనీయకండి. స్నానం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. నీళ్ళలో దించిన కుందేలు భయంతో తన్నుకుని వెన్ను విరుచుకోవచ్చు, భయానికే ప్రాణం పోవచ్చు.

ఐదో పని: బొచ్చు, ఈగలు

రాలే బొచ్చును రోజూ దువ్వి తీసేయండి. ఒంటి మీద చిక్కుకున్న పాత బొచ్చు రెండో కంబళి లాంటిది. పొడవు బొచ్చు జాతులకు అంగుళం మేర వదిలి కత్తిరించడం మంచిదే గానీ, కుందేలు చర్మం కాగితంలా పలుచన. చేయి తిరిగినవారితోనే చేయించాలి.

ఇంత కంటే అశ్రద్ధకు గురయ్యేది తోక కింది భాగం. మూత్రంతోనో మెత్తని పెంటికలతోనో అక్కడి బొచ్చు తడిస్తే ఈగలు గుడ్లు పెడతాయి. వేడిలో అవి ఒక్క రోజు తిరగకముందే పురుగులై చర్మాన్ని తొలిచేస్తాయి. ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు, తప్పకుండా, తోక ఎత్తి చూడండి. తడి కనబడితే తుడిచి పొడిగా చేయండి. పురుగు ఒక్కటి కనబడినా ఆ గంటలోనే పశువైద్యుడి దగ్గరికి వెళ్ళండి.

ఆరో పని: రోజూ గమనించవలసినవి

వేటకు గురయ్యే జంతువు కాబట్టి కుందేలు తన జబ్బును దాచుకుంటుంది. అది చెప్పని సంగతి దాని పెంటికలు చెబుతాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అవి గుండ్రంగా, ఒకే పరిమాణంలో ఉండి, వేళ్ళ మధ్య నలిపితే పొడి గడ్డిలా విడిపోతాయి. నీరు చాలనప్పుడు చిన్నవై, నల్లబడి, గట్టిగా, వంకరటింకరగా వస్తాయి, సంఖ్య కూడా తగ్గుతుంది. మూత్రం చిక్కగా, ముదురు రంగులో రావడం, ఆరిన చోట ఎక్కువగా సుద్ద పొడిలా మిగలడం ఇంకో గుర్తు. కుందేలు తిన్న కాల్షియంలో అవసరానికి మించినది మూత్రం ద్వారానే బయటికి పోతుంది. నీరు తగ్గితే అది మూత్రాశయంలో పేరుకుంటుంది. చిగుళ్ళను వేలితో తాకితే తడిగా జారాలి. అంటుకుంటే నీరు తగ్గినట్టే. మెడ మీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. ముసలి కుందేలు చర్మం మామూలుగానే వదులుగా ఉంటుంది కాబట్టి దాని విషయంలో ఈ ఒక్క గుర్తునే నమ్ముకోకండి.

వేడి మధ్యాహ్నం అది కాళ్ళు చాచి కదలకుండా పడుకోవడం సహజం. అయితే ఇష్టమైన ఆకు ముక్క ముక్కు దగ్గర పెట్టినా చూడకపోతే అది బద్ధకం కాదు. పది పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా, ఎండ తగ్గాక చూద్దామని ఆగకూడదు.

ఆటలు, శుభ్రపరచడం, ప్రయాణాలు అన్నీ తెల్లవారుజాముకో, రాత్రికో మార్చుకోండి.

వడదెబ్బ తగిలితే

చెవులు ఎర్రబడి ముట్టుకుంటే కాలడం, ఊపిరి వేగంగా, పైపైన ఆడటం, ముక్కు చుట్టూ తడి, చొంగ కారడం, తూలడం వడదెబ్బ గుర్తులు. తల వెనక్కి వాల్చి నోటితో ఊపిరి తీస్తుంటే పరిస్థితి విషమించిందని అర్థం. ముక్కుతో తప్ప ఊపిరి తీయని జీవి నోరు తెరిచిందంటే ఇక గత్యంతరం లేకనే.

వెంటనే దాన్ని చల్లని, నిశ్శబ్దమైన గదిలోకి తెచ్చి చల్లని నేల మీద ఉంచండి. కుళాయి నీళ్ళలాంటి మామూలు చల్లని నీటితో గుడ్డ తడిపి చెవులను, పాదాలను తుడవండి, పక్క నుంచి మెల్లగా గాలి తగిలేలా చూడండి. మంచు నీళ్ళు పోయకండి. ఒక్కసారిగా చల్లదనం తగిలితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే బంధింపబడుతుంది. తడి తువ్వాలు ఒంటిమీద కప్పి వదిలేయడం కూడా తప్పు, కాసేపటికి అదే వేడిని బయటికి పోనీయదు. మనుషుల జ్వరం మాత్రలు వేయకండి. ఇది జ్వరం కాదు, అవి దీనికి పని చేయవు.

స్పృహతో ఉంటే గిన్నె నోటి దగ్గర పెట్టండి. తానుగా తాగకపోయినా మింగగలిగే స్థితిలో ఉంటే సిరంజితో నోటి పక్క సందులోంచి అర మిల్లీలీటరు చొప్పున, ప్రతిసారీ మింగిందని చూసుకుంటూ ఇవ్వవచ్చు. తల వాలిపోతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా నోట్లో చుక్క కూడా పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఈ పనులు చేస్తుండగానే ఇంకొకరు పశువైద్యుడికి ఫోన్ చేసి, కారులో ఏసీ వేసి చల్లబరచాలి. ప్రయాణంలో గాలి ఆడే పెట్టెలో, గుడ్డ చుట్టిన మంచు సీసా ఒక పక్కన ఉంచండి. ఊపిరి కుదుటపడి లేచి కూర్చున్నా వైద్యుడికి చూపించాల్సిందే, ఎందుకంటే వేడి వల్ల మూత్రపిండాలకు, పేగులకు, మెదడుకు జరిగిన హాని ఆ తర్వాత గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో బయటపడవచ్చు. ఇంటికి తెచ్చాక మొదటి రెండు రోజులు దాని కింద తెల్లని గుడ్డ పరిచి ఉంచండి. ఆ గుడ్డ మీద పెంటికలు లెక్కపెట్టడం, మూత్రం రంగు చూడటం తేలిక, రాసుకున్న లెక్కను వైద్యుడికి ఫోన్‌లో చెప్పడం కూడా తేలిక.